మాట పెగలని ఇమామ్

మనసు జబ్బుపడిన వారిని చూసి “ఈమాన్ బలహీనపడింది” అని తీర్పు చెప్పడం కొన్ని ఇళ్ళలో వినిపించే మాటే. ఆ మాట విన్నవారు తమ బాధను ఇక ఎవరికీ చెప్పుకోరు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) మాత్రం తన బాధను దాచుకోలేదు. ‘అల్ మున్ఖిజ్ మినద్దలాల్’ గ్రంథంలో స్వయంగా రాసిపెట్టారు. 1095లో ఆయన బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ఆచార్యులు. మూడు వందల మంది శిష్యులు. తన బోధన అల్లాహ్ ప్రసన్నత కోసమా, కీర్తి కోసమా అన్న ప్రశ్న ఆయనను సుమారు ఆరు మాసాలు వేధించింది. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. గుక్కెడు నీళ్ళు గొంతు దిగలేదు, తిన్న ముద్ద జీర్ణం కాలేదు. వ్యాధి హృదయంలో పుట్టి శరీరానికి పాకిందనీ, మనోవేదన తొలగనిదే ఔషధం పనిచేయదనీ వైద్యులు తేల్చారు. ఆయన అల్లాహ్‌ను వేడుకుని, పదవిని విడిచి డమాస్కస్ వెళ్ళారు. 1106లో నీషాపూర్‌లో తిరిగి బోధన చేపట్టారు.

ఆ మహనీయుని ఈమాన్‌ను శంకించగలమా?

అల్లాహ్ ఏ రోగాన్నీ చికిత్స లేకుండా దించలేదని దైవప్రవక్త (స) బోధించారు. మనోవ్యాధి అందుకు మినహాయింపు కాదు. మీ ఇంట్లో బిడ్డ మౌనం దాల్చినా, కోడలికి నిద్ర, ఆహారం కరువైనా, ముందు వారి మాట ఆలకించండి. దుఆ చేయండి, వైద్యుని వద్దకూ తీసుకువెళ్ళండి. ప్రభుత్వ ఉచిత సేవ ‘టెలీ మానస్’ 14416 నంబరులో రేయింబవళ్ళు అందుబాటులో ఉంది.