మట్టగిడస ఎవరికి కలుపు?

తొలకరి పడి కొత్తనీరు కాలవలోకి రాగానే మన పేటల్లో పిల్లలు గాలాలు వెతుక్కుంటారు. పని దొరకని రోజున కూరకు ఆధారం మట్టగిడస. బురదమట్ట అనే వాళ్ళూ ఉన్నారు. ఎవరూ పిల్ల వేసి పెంచింది కాదు, ఎవరూ మేత పెట్టింది కాదు. జానెడు చేప. ఈ జానెడు చేప మీద కూడా ఇవాళ తగాదాలే!

చెరువు వేలం పాడినవాడు కాలవ గట్టున మన బుట్ట చూసి "ఇవి నా కొర్రమీను పిల్లలు" అంటాడు. కనుక ముందు చేపను గుర్తుపట్టడం తెలియాలి. రెండింటిదీ పాముతలే, నోటినిండా పళ్ళే. మట్టగిడస పొట్టిది, ఒంటిమీద నల్లచుక్కలు, పొలుసు పెద్దది. కొర్రమీను మూరెడు దాటి పెరుగుతుంది. పొట్ట తెల్లన, పక్కల ఏటవాలు చారలు, పొలుసు సన్నం. పిల్లప్పుడు అనుమానమొస్తే పక్కన తలనుంచి తోకదాకా పొలుసుల వరుస లెక్కపెట్టండి. మట్టగిడసకు 40 దరిదాపు, కొర్రమీనుకు 50 పైన.

ఇది వేటాడే చేప. నాచులో, తూటికాడ చాటున కదలకుండా పొంచి ఉండి పురుగునూ, చిన్న చేపనూ, కప్పపిల్లనూ ఒక్క ఊపున మింగుతుంది. వానపాము గుచ్చిన గాలాన్ని నాచు అంచున మెల్లగా ఆడిస్తే చాలు. గాలి పీల్చడానికి మాటిమాటికీ పైకొస్తుంది, అక్కడ బుడగ లేస్తుంది. ఆ చోటే ఆనవాలు. నీరు తగ్గిన గుంటల్లో ఊత వేసీ, గూడతో నీళ్ళు తోడీ పడతారు. తడి ఆరకుండా ఉంచితే గంటల తరబడి బతికే ఉంటుంది. ఐసు కొనలేని మనకు అదే మేలు.

మరి పెంపకం లెక్కల్లో దీని పేరేమిటి? పనికిరాని చేప! బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు హెక్టారుకు 2500 కిలోల ఇప్పపిండి చల్లి దీన్ని చంపమంటారు. పిల్లల్ని తింటుంది, నిజమే. పెంపకపు చెరువులో ఆ జాగ్రత్త కాదనం. కానీ పంటబోదెకూ, ఊరుమ్మడి కుంటకూ అదే లెక్కా? దీని పెద్దన్న కొర్రమీనూ వేటాడే చేపే. దాన్ని 2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించింది. తేడా పళ్ళలో లేదు, ధరలో ఉంది.

మన తప్పూ చెప్పుకోవాలి. పురుగుమందు కాలవలో పోసి చేపలు ఏరుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆ నీళ్ళే మన గొడ్లు తాగుతాయి. నీళ్ళలో విషం కలిపి చేపలు చంపడం 1897 నాటి మత్స్య చట్టమే నేరమన్నది. వానల్లో తల్లీతండ్రీ రెండూ పిల్లల గుంపును కాస్తుంటాయి. అప్పుడు వాటిని పడితే పిల్లలు ఇతర చేపల పాలే. ఆ నాలుగు వారాలు ఓర్చుకుందాం.

అడగవలసింది ఇదీ: వేలం కాగితంలో చెరువు హద్దులు స్పష్టంగా రాయాలి. హద్దు బయట కాలవలో, బోదెలో గాలంతో, ఊతతో కూరకు పట్టుకునే కూలీని ఎవరూ ఆపరాదు. మత్స్యకారుల సొసైటీలతో మనకు పోరు లేదు, వాళ్ళూ కష్టజీవులే. వాళ్ళను కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం. వచ్చే గ్రామసభలో కూలీ సంఘం ఈ మాట లేవనెత్తాలి.