యంత్రం జవాబు చెప్పినా బాధ్యత యాజమాన్యానిదే



గత నెల మొదటి తారీఖు నుండి మన మిల్లులో కంప్యూటర్ విభాగం కిటికీ మూసివేశారు. టైమ్ ఆఫీసు పక్కనున్న ఆ కిటికీలో ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చునేవారు. హాజరు మిషన్ వేలు పట్టకపోయినా, పగారు చీటీ తెరుచుకోకపోయినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా, లూమ్ షెడ్డులో ఉత్పత్తి లెక్క చూపే తెర ఆగిపోయినా వాళ్ళకే చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు గేటు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఇబ్బందులన్నీ ఫలానా నంబరుకు వాట్సాప్‌లో రాయాలట, చాట్‌బాట్ జవాబు చెబుతుందట. కాగితం మరాఠీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. షోలాపూర్‌లో తరతరాలుగా మగ్గం మీద బతుకుతున్న తెలుగువాళ్ళు మిల్లులో ఇంతమంది ఉండగా తెలుగులో మాత్రం లేదు.

యూనియన్ దీన్ని వ్యతిరేకిస్తుందా, సమర్థిస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. ముందు ఇది పనిచేసే తీరు తెలుసుకోవాలి. మీరు రాసిన మాట ఫోన్ నుండి వాట్సాప్ ద్వారా కంపెనీ పెట్టుకున్న కంప్యూటరుకు చేరుతుంది. అక్కడి ప్రోగ్రాము ఆ మాటలు చూసి ఇది హాజరు గొడవా, పాస్‌వర్డ్ గొడవా అని అంచనా వేస్తుంది. తన దగ్గర ముందే రాసిపెట్టిన జవాబు ఉంటే పంపుతుంది. లేకపోతే మీ పేరున ఒక ఫిర్యాదు నమోదు చేసి టికెట్ నంబరు ఇస్తుంది. అప్పటికీ తెగకపోతే మనిషికి అప్పగించాలి. ఈ చివరి మెట్టు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మన మిల్లులో ఇంతవరకు ఆ మెట్టు కనిపించలేదు.

మంచిని మంచి అనాలి. రాత్రి షిఫ్టులో రెండు గంటలకు పాస్‌వర్డ్ పోతే మునుపు పొద్దున తొమ్మిదింటికి కిటికీ తెరిచేదాకా కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు రెండు నిమిషాల్లో కొత్తది వస్తోంది. స్టోర్సులో పనిచేసేవాళ్ళు సంతోషంగానే ఉన్నారు. ఆ మేరకు మాకు పేచీ లేదు.

పేచీ హాజరు దగ్గర వచ్చింది. వైండింగులో ఏళ్ళ తరబడి దారాలు ముడివేసిన ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. మిషన్ ఆ వేలిని గుర్తించదు. ఇది కొత్త సంగతి కాదు. కిటికీ ఉన్న రోజుల్లో కుర్రవాడు లేచివచ్చి, మనిషిని చూసి, రిజిస్టరులో రాసి సరిచేసేవాడు. ఈసారి ఒక చెల్లెలు బాట్‌కు రాస్తే "వేలు శుభ్రంగా తుడుచుకొని మళ్ళీ పెట్టండి" అని జవాబు వచ్చింది. తుడిచింది, పెట్టింది, పట్టలేదు. అంతలో షిఫ్టు గంట కొట్టారు. షెడ్డులోకి ఫోన్ తీసుకుపోకూడదని మిల్లు నిబంధన కనుక ఫోన్ గేటు దగ్గర అప్పగించి పనిలోకి వెళ్ళింది. బాట్ "మీ సమస్య తీరిందా?" అని అడిగింది. ఆమె చూసుకోలేదు. ఇరవై నాలుగు గంటల్లో జవాబు రాకపోతే తీరినట్టే లెక్క కట్టి టికెట్ మూసేస్తుంది. మరునాడూ అదే తంతు. పగారు నాడు రెండు రోజులు కోత. రెండు రోజులూ ఆమె ఎన్ని కోన్లు తీసిందో వైండింగు రిజిస్టరులో ఉంది! ఫోన్ గేటులో పెట్టించేదీ యాజమాన్యమే, ఫోన్‌లో జవాబు చెప్పలేదని ఫిర్యాదు మూసేదీ యాజమాన్యమే.

ఇక భాష. మన పిల్లలు మరాఠీ బడుల్లో చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోన్‌లో ఆ తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. "పగారు కట్ అయింది" అని ఒకతను రాస్తే, కరెంటు పోతే కంప్యూటరు ఎలా ఆపాలో బాట్ ఓపికగా వివరించింది. నవ్వుకున్నాం. కాని పగారు పోయినవాడు నవ్వలేదు. ఇలాంటి ప్రోగ్రాముకు జనం మాట్లాడే వాక్యాలు నమూనాగా ఎన్ని ఎక్కిస్తే అంత అర్థం చేసుకుంటుంది. ఎవరూ ఎక్కించలేదు గనుక దానికి మన మాట తెలియదు. మన ఖాతాల్లో మాట్లాడే తెలుగు వాక్యాలు వందో రెండు వందలో రాసి ఇవ్వడానికి మేము సిద్ధమని యాజమాన్యానికి చెప్పాం.

పాతకాలం మిల్లుల్లో జాబర్ ఉండేవాడు. ఏ మొర అయినా అతని నోటి గుండానే పైకి పోవాలి. అతడు మింగేస్తే అంతే. బాట్ లంచం అడగదు, ఒప్పుకుంటాం. కాని జాబర్‌ను నలుగురం చుట్టుముట్టి నిలదీయగలిగేవాళ్ళం. దీన్ని ఎవరు నిలదీస్తారు?

"అది యంత్రం చెప్పిన మాట, మాకు సంబంధం లేదు" అని మొన్న ఒక ఆఫీసరుగారు అన్నారు. ఈ వాదన ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. కెనడాలో ఎయిర్ కెనడా విమాన కంపెనీ చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు చెప్పింది. ఇంట్లో చావు జరిగి ప్రయాణం చేసేవారికి ఉండే తగ్గింపును టికెట్ కొన్న తర్వాత కూడా అడగవచ్చని చెప్పింది. అతడు అడిగితే కంపెనీ ఇవ్వలేదు. చాట్‌బాట్ మాటకు తమది బాధ్యత కాదన్నట్టు వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్ ఆ వాదన తోసిపుచ్చి డబ్బు కట్టమంది. కెనడా తీర్పు మన లేబర్ కోర్టును కట్టిపడేయదు, నిజమే. అయినా ఆ న్యాయం ఆఫీసరుగారికి అర్థం కానిది కాదు.

మన దేశంలో చట్టం ఏమంటోంది? 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఆ కోడ్ మీద కార్మిక సంఘాలకు ఉన్న అభ్యంతరాలు వేరే సంగతి. అందులోనే 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని ఉంది. 10 మందికి మించకుండా, యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు అందరు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో తేల్చాలి. బాట్ ఇచ్చే టికెట్ ఆ దరఖాస్తు కాదు. టికెట్ నంబరు చేతిలో ఉంది కదా అని ఊరుకుంటే కమిటీ ముందు మీ ఫిర్యాదు లేనట్టే. పగారు, హాజరు, సెలవు విషయాలు బాట్‌కు రాసినా, ఒక కాగితం కమిటీకి తప్పక ఇవ్వండి. ఆ కాగితానికి సంతకంతో రసీదు తీసుకోండి.

మరో సంగతి. ఈ ఫోన్లు మనవి, వాటి రీచార్జ్ మనది, నంబర్లు మనవి. ఆడవాళ్ళ నంబర్లు ఏ కాంట్రాక్టరు కంప్యూటరులో ఉంటున్నాయి, ఎవరు ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారన్న జాబితా ఎవరి బల్ల మీదికి పోతోంది అని అడిగితే జవాబు లేదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం చేశారు, 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించారు, అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. పైగా ఉద్యోగ అవసరాలకైతే కొన్ని సందర్భాల్లో కార్మికుడి సమ్మతి లేకుండానే వాడుకోవచ్చన్న వెసులుబాటు అందులో ఉంది. కాబట్టి చట్టం కాపాడుతుందని కూర్చోకుండా, లిఖితపూర్వకమైన ఒప్పందం కోసం పట్టుబడుతున్నాం. ఫిర్యాదుల లెక్క క్రమశిక్షణ చర్యలకు వాడరాదని అందులో ఉండాలి.

ఇక కిటికీ కుర్రవాళ్ళు ఇద్దరూ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళు. మన యూనియన్ సభ్యులు కారు. ఒకతన్ని కాంట్రాక్టరు పుణె పంపాడు, ఇంకొకతన్ని ఇంటికి పంపాడు. వాళ్ళు సభ్యులు కారు గనుక మనకెందుకు అనే మాట మాలో ఎవరి నోటా రాకూడదు. ప్రతి షిఫ్టులో కనీసం ఒక మనిషి ఆ కిటికీలో ఉండాలని అడుగుతున్నాం, అందులో వాళ్ళ పేర్లే ముందు పెట్టాం. కార్మికుడు "తీరింది" అనకుండా టికెట్ మూయకూడదని, హాజరు పడనినాడు ఖాతా రిజిస్టరే ప్రమాణమని, కోసిన పగారు వెనక్కి ఇవ్వాలని కూడా అడిగాం.

యాజమాన్యం వచ్చే బుధవారం మాటలకు పిలిచింది. ఈలోపు మూసిన టికెట్ల నంబర్లు, బాట్ పంపిన జవాబు ఫోన్‌లో ఫొటోగా తీసినది, పగారు చీటీ పట్టుకొని ఆదివారం పొద్దున పది నుండి ఒంటిగంట లోపు యూనియన్ ఆఫీసుకు రండి. ఫోన్ లేనివాళ్ళు ఏ రోజు, ఏ షిఫ్టు అన్నది చెబితే చాలు, మేము రాసుకుంటాం.