పుట్టినరోజు పళ్లెం ఎవరి కోసం?



గత వారం మా వీధిలో ఉండే ఒక అమ్మాయి సాయంత్రం వేళ మా ఇంటికి వచ్చింది. ఆమె కుమారునికి నాలుగేళ్లు నిండబోతున్నాయి. వచ్చే ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు వేడుకట. పదిహేను మంది పిల్లలను పిలిచారు. "డాక్టరు గారూ, పిల్లలకు పెట్టడానికి తేలికగా అయిపోయేవి ఏమైనా చెప్పండి. వంటమనిషిని పెట్టుకోలేము, బయటి నుంచి తెప్పించాలంటే భయంగా ఉంది" అని అడిగింది. నేను ఆలోచించకుండానే "ఇడ్లీలు పెట్టమ్మా" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "పుట్టినరోజుకు ఇడ్లీలా?" అన్నది.

ఆమెను తప్పుపట్టను. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి ఈ విషయం గురించి నాలుగు ముక్కలు రాయాలని అనిపిస్తున్నది.

'తేలిక' అన్న మాటకు మనం రెండు అర్థాలు వాడుతాము. శ్రమ లేకుండా జరిగిపోయే పని తేలిక. కడుపులో బరువు చేయని తిండి కూడా తేలికే. ఆ అమ్మాయి మొదటి అర్థంలో అడిగింది, నేను రెండవ అర్థంలో జవాబు చెప్పాను. అదృష్టవశాత్తు నాలుగేళ్ల పిల్లల విషయంలో ఈ రెండూ ఒకే వంటింట్లో దొరుకుతాయి. వాటిని విడదీస్తున్నది మన ఆడంబరమే.

ఉద్యోగంలో ఉన్నప్పుడూ, విరమణ తరువాతా ఇటువంటి వేడుకలు అనేకం చూశాను. ఎనిమిది గంటలంటే తొమ్మిదికి కేకు కోస్తారు. మేనమామ నెల్లూరు నుంచి రావాలి, ఫోటోగ్రాఫరు లైట్లు సర్దుకోవాలి. అప్పటికి పిల్లవాడు కోటు లోపల చెమటతో తడిసి, నిద్రముఖంతో, ఏడుపుకు సిద్ధంగా ఉంటాడు. ఆ తరువాత పళ్లెం వస్తుంది: ఫ్రైడ్ రైస్, ఎర్రటి మంచూరియా, చిప్స్, కేకు ముక్క, చల్లటి సీసా. ఆ పళ్లెం పెద్దవాళ్ల కొలతకు, పెద్దవాళ్ల నాలుకకు వడ్డించినది. నాలుగేళ్ల బిడ్డ పూటకు తినేది పెద్దవారి తిండి కంటే చాలా తక్కువ. ఆ కాస్త చోటును చిప్స్, క్రీము, సోడా నింపేస్తాయి. 200 మిల్లీలీటర్ల కోలా సీసాలో ఇరవై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. పైన కలిపే చక్కెర పిల్లలకు రోజు మొత్తానికి 25 గ్రాములు దాటరాదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతున్నది. సీసాతోనే లెక్క దాదాపు పూర్తయింది. కేకు ఇంకా మొదలే కాలేదు.

అయితే ఒక్క రాత్రి చక్కెర వల్ల ఏ బిడ్డా చెడిపోడు. నా భయం వేరు. దానిని చెప్పాలంటే నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

1990ల తొలి సంవత్సరాలలో నేను తీరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని. ఒక పట్టపుపాలెం నుంచి మూడేళ్ల పిల్లవాణ్ని తీసుకువచ్చారు. దగ్గు, పిల్లికూతలు. చలికాలం కావడంతో ఆ వారంలో అటువంటి పిల్లలను ఎందరినో చూసి ఉన్నాను. స్టెతస్కోపు పెట్టి విన్నాను, ఉబ్బసం లక్షణమనుకున్నాను, మందు రాసి పంపాను. దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. "నాలుగు రోజులయ్యా" అన్నది తల్లి. ఆ దగ్గు మొదలైన క్షణంలో పిల్లవాడు ఏం చేస్తున్నాడని మాత్రం అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

పన్నెండు రోజుల తరువాత మళ్లీ తెచ్చారు. ఈసారి ఒళ్లు కాలిపోతున్నది. కుడివైపు ఊపిరితిత్తిలో గాలి చప్పుడు దాదాపు లేదు. అప్పుడు అడిగాను. తల్లి కొంచెంసేపు ఆలోచించి చెప్పింది. వాడి పుట్టినరోజు నాడు పిల్లలందరికీ మిక్చరు పొట్లాలు పంచారట. వేయించిన వేరుశనగ గింజలు నోట్లో వేసుకుని వీడు నవ్వుతూ పరుగెత్తాడు, పొలమారింది, ముఖం ఎర్రబడింది. నానమ్మ మాడు మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు నా తండ్రిని" అన్నదట. పది నిమిషాలకు దగ్గు నెమ్మదించింది. అందరూ మరచిపోయారు.

మద్రాసుకు పంపాము. అక్కడ బ్రాంకోస్కోపీ చేసి, కుడి శ్వాసనాళంలో ఇరుక్కుని నాని ఉబ్బిన వేరుశనగ బద్ద ఒకటి తీశారు. పిల్లవాడు బతికాడు. ఆ తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్లింది. ఇప్పుడు అతనికి ముప్పై దాటాయి, అతనికీ పిల్లలున్నారు. నాకు మాత్రం ఆ తొలి చీటీ మీద నేను రాసిన అక్షరాలు నేటికీ గుర్తు.

పొలమారి, ఆ తరువాత దగ్గు తగ్గి బిడ్డ మామూలుగా కనిపించడమే ఇందులోని మోసం. గింజ పెద్ద నాళాన్ని దాటి ఒక కొమ్మలోకి జారిపోతే ఊపిరి ఆగదు. బిడ్డ ఆడుకుంటాడు కూడా. గింజ మాత్రం తేమను పీల్చి ఉబ్బుతుంది, దాని నూనె చుట్టూ ఉన్న పొరను రేపుతుంది. ఎక్స్‌రేలో వేరుశనగ కనపడదు. కనుక తింటూ తింటూ ఒక్కసారిగా పొలమారిన బిడ్డకు ఆ తరువాతి రోజులలో దగ్గుగానీ, ఒకే పక్క పిల్లికూతగానీ వస్తే, ఆ సంఘటనను మీరే వైద్యునికి చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. నేను అడగలేదు కదా.

నాలుగేళ్ల బిడ్డ శ్వాసనాళం ఇంచుమించు వాడి చిటికెన వేలు లావు ఉంటుంది. పాలపళ్లు ఇరవై వచ్చి ఉన్నా, గట్టి గింజను పూర్తిగా నమిలి మింగే నేర్పు ఇంకా కుదరదు. వేరుశనగ, జీడిపప్పు, పాప్‌కార్న్, ఉడికించిన శనగలు, గట్టి చాక్లెట్టు బిళ్లలు, గుండ్రటి ద్రాక్ష ఇవన్నీ ఆ గొట్టానికి సరిపోయే మూతలు. అంగళ్లలో అమ్మే చిన్న జెల్లీ కప్పులను ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకోవడం పిల్లలకు సరదా. కోంజాక్ అనే దుంప పొడితో చేసిన అటువంటి కప్పులు గొంతుకు అడ్డుపడి పిల్లలు మరణించడంతో ఐరోపా దేశాలలో వాటిని నిషేధించారు. మన వేసవి తాటిముంజె కూడా అటువంటిదే, జారుతుంది. నేను ముంజెల ప్రియుణ్ని, మానమని చెప్పను. పైతొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి తినిపించండి. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయండి. మన తీరపు ఇసుక నేలల్లో పండే వేరుశనగను పచ్చడిగా నూరండి, బెల్లంతో మెత్తగా దంచి ఉండ చేయండి. గింజగా మాత్రం అయిదేళ్లు దాటేవరకు వద్దు. (తిండి కాకపోయినా ఒక మాట: పగిలిన బుడగల ముక్కలను వెంటనే ఏరివేయండి. అవీ నోట్లోకే వెళతాయి.)

ఇంకొక అలవాటు ఉన్నది. కేకు కోసిన వెంటనే ఇరవై మంది బంధువులు వరుసగా నిలబడి, ఫోటో కోసం తలా ఒక ముక్క బిడ్డ నోట్లో కుక్కుతారు. మొదటిది మింగకముందే రెండవది వస్తుంది. బిడ్డ నవ్వుతుంటాడు, లేదా ఏడుస్తుంటాడు. రెండు స్థితులలోనూ శ్వాసనాళం తెరుచుకునే ఉంటుంది. తల్లి ఒక్కతె తినిపించి, మిగిలినవారు అక్షింతలు వేస్తే ఫోటోలకేమీ లోటు రాదు.

ఒకవేళ ప్రమాదం జరిగితే? బిడ్డ గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వండి. నీళ్లు పోయవద్దు, కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకవద్దు. దగ్గలేక, ఏడవలేక, నీలంగా మారుతుంటే ముందుకు వంచి, వీపు మీద భుజాల మధ్య అరచేతి కింది భాగంతో అయిదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనుక మోకాళ్ల మీద కూర్చుని, బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పిడికిలి ఉంచి, లోపలికీ పైకీ అయిదుసార్లు వేగంగా నొక్కండి. వస్తువు బయటకు వచ్చేవరకు ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాది లోపు శిశువుకు పొట్ట మీద నొక్కరాదు. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ తెలివితప్పితే గుండె మీద ఒత్తిడి మొదలుపెట్టాలి. ఈ విద్య పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒక్కరికైనా రావాలి.

కేకు సంగతి. నెల్లూరులో కొన్న క్రీము కేకు మోటారు సైకిలు మీద ఇరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మైపాడు చేరుతుంది. అక్కడ మేనమామ కోసం మరో రెండు గంటలు బల్ల మీద ఎదురుచూస్తుంది. మన ఎండలలో, 32 డిగ్రీలు దాటిన వేడిలో అటువంటి పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచరాదు. ఆ క్రీములో పెరిగే స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవి విడిచే విషం వల్ల కొద్ది గంటలలోనే వాంతులు మొదలవుతాయి. పెద్దవారు ఓర్చుకుంటారు, పద్నాలుగు కిలోల బిడ్డ నీరసించిపోతాడు. క్రీము లేని సాదా కేకు ఇంట్లోనే కుక్కరులో చేసుకోవచ్చు. రంగుల విషయంలో నేను చెప్పనవసరం లేదు. గులాబీ రంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల రంగు దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దానిని నిషేధించింది. అదే సంవత్సరం అక్టోబరులో పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును తెలంగాణ ఏడాది పాటు నిషేధించింది. మంచూరియా ఎరుపు మీ ఇంటి మిరపకాయది కాదని మీకూ తెలుసు.

ఇక ఏం పెట్టాలి? ముందురోజు రుబ్బిన పిండి ఉంటే సగం పని అయినట్లే. చిన్న గుంటల పళ్లెంలో బొత్తాము ఇడ్లీలు వేయండి. ఒక్కో బిడ్డకు నాలుగు, అడిగితే మరి రెండు. తురిమిన క్యారెట్టు కలిపితే వాటికి రంగు కూడా వస్తుంది, ఏ సీసా అవసరం లేకుండా. అదే పిండితో గుంతపెనం మీద పొంగణాలు వేయవచ్చు. మిరపకాయ, శనగపప్పు వేయకండి. పక్కన నెయ్యి, కారం లేని కొబ్బరి పచ్చడి. ఉడికించిన గుడ్డును నాలుగు చీలికలు చేసి, పచ్చసొన పొడిగా గొంతుకు పట్టకుండా కొంచెం వెన్న రాసి ఇవ్వండి. ఉడికించిన చిలగడదుంప ముక్కలు, అరటిపండు చక్రాలు. దాహానికి మన గూడూరు, పొదలకూరు మార్కెట్ల నిమ్మకాయలుండగా సీసాలెందుకు? కాచి చల్లార్చిన నీటిలో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం చాలు. తీపి కావాలంటే మలైకాజా వేలెడు ముక్క పెట్టండి. నెల్లూరు వాళ్లమై ఉండి దానిని కాదనడం నా వల్ల కాదు. రొయ్యలు పెట్టదలచుకుంటే ఎవరి బిడ్డకు పడవో వారి తల్లులను ముందుగా అడగండి.

వేడివేడిగా వచ్చే ఈ తిండిని కేకుకు ముందే పెట్టాలి. పిల్లలను చాప మీద వరుసగా కూర్చోబెట్టాలి. తింటున్నంతసేపు ఆట, పరుగు, పాట ఏదీ ఉండరాదు. ఆకలి తీరిన బిడ్డ కేకును రుచి చూసి వదిలేస్తాడు.

"నలుగురూ ఏమనుకుంటారు?" అన్నది ఆ అమ్మాయి. ఆ నలుగురికి నాలుగేళ్లు. వాళ్లు ఏమీ అనుకోరు. మనం అంగన్‌వాడీలలో మూడేళ్లు దాటిన పిల్లలకు అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఇస్తున్నాము. 1975లో మొదలైన పథకం ఇప్పటికీ అదే మెత్తటి తిండి మీద నడుస్తున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నది. అటువంటి చోట గుడ్డు, పప్పు పేదరికానికి గుర్తులనీ, పొట్లంలోని చిప్స్ హోదా అనీ ఎప్పుడు నిర్ణయించుకున్నామో నాకు అర్థం కాదు. అప్పు చేసి హాలు మాట్లాడుకుని, చివరకు బిడ్డకు రాత్రి పదకొండు గంటలకు పెరుగన్నం కలిపి పెట్టే తల్లులను నేను ఎరుగుదును. ఆ పెరుగన్నమే ఆరు గంటలకు పెడితే సరిపోయేది.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. పాలెం నుంచి వాళ్ల అత్తగారు పెద్ద గిన్నె నిండా చేపల పులుసు పంపుతానంటున్నారట, ఏం చేయాలని అడిగింది. పిల్లలు తిని లేచిన తరువాత పెద్దలకు వడ్డించమన్నాను. పిల్లలకు ఇవ్వాలనుకుంటే, ఆ అత్తగారినే కూర్చోబెట్టి వేళ్లతో ముల్లు ఏరించి, పులుసు లేకుండా ముక్క మాత్రం నలిపి పెట్టించమన్నాను. ఆ పనిలో మన తీరపు ముసలమ్మల వేళ్లకు సాటి లేదు. పచ్చడి ఎంత మెత్తగా రుబ్బాలో కూడా అడిగి తెలుసుకున్నది. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, నన్నూ మా ఇంటావిడనూ పిలిచింది. ఆదివారం సాయంత్రం అయిదు గంటలకట.