అడ్రసు అడిగే దేశాలు సరే... ఇల్లు చూపే దిక్కెవరు?

తిరుపతిలో బాలాజీ కాలనీ నుంచి లీలామహల్ సర్కిల్ దాకా ఒకసారి నడిచి చూడండి. మేడ మేడకో బోర్డు. బోర్డు బోర్డుకో విమానం బొమ్మ. 'అమెరికాలో ఎమ్మెస్', 'స్పాట్ అడ్మిషన్లు', 'బ్యాక్‌లాగులున్నా పర్వాలేదు', 'ఫండ్స్ మేమే చూపిస్తాం'. చిత్తూరులో ఇదే తంతు, మదనపల్లెలో ఇదే తంతు. ఈ బోర్డుల్లో మేం వెతికిన మాట ఒక్కటే. మీ బిడ్డ అక్కడ ఏ ఇంట్లో తల దాచుకుంటాడు? బాడుగ ఎంత? అగ్రిమెంటు ఎవరి పేర? ఆ మాట మాకెక్కడా కనపడలేదు.

కన్సల్టెన్సీవాడు అడగడు. అప్పిచ్చే బ్యాంకు అడగదు. ఎన్నారైల సభల్లో శాలువాలు కప్పించుకునే మంత్రులు అంతకన్నా అడగరు. అడిగేది ఒక్క ఇమిగ్రేషన్ అధికారి మాత్రమే. అదీ పట్టుకునే రోజున.

ఒకే అపార్ట్‌మెంటులో వందలమందా?

2011 జనవరి గుర్తుందా? కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ ఊళ్లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో పేరున్న విద్యార్థులు దాదాపు 1,500 మంది. అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. పశువులకు గుదిబండ కట్టినట్టు మన పిల్లలకు కట్టారు. ఊరూవాడా అట్టుడికిపోయింది.

ఆ దొంగతనం ఎలా బయటపడిందో చాలామందికి తెలియదు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్ అనే ఊళ్లో ఒకే ఒక్క అపార్ట్‌మెంటులో కాపురం ఉంటున్నట్టు యూనివర్సిటీ కాగితాల్లో రాసింది. ఒక్క ఇంట్లో వందలమంది! నిజానికి ఆ పిల్లలు అమెరికా నలుమూలలా చెల్లాచెదురుగా పనులు చేసుకుంటున్నారు. అడ్రసు అబద్ధమని తేలింది, దాంతో చదువూ అబద్ధమని తేలింది. ఆ యూనివర్సిటీ నడిపిన ఆవిడకు అమెరికా కోర్టు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష వేసింది. సరే, అక్కడి దొంగకు అక్కడ శిక్ష పడింది. ఇక్కడ కమిషన్లు తిని ఆ గోతిలోకి పిల్లల్ని తోసిన ఏజెంట్ల మాటేమిటి? ఎందరి మీద కేసులు పెట్టారు? ఎందరు జైలుకు పోయారు? ఏ పాలకుడైనా లెక్క చెప్పగలడా?

బుద్ధి రాలేదు. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని రెండు కాలేజీలకు బయలుదేరిన పిల్లల్ని ఎయిరిండియా హైదరాబాదులోనే విమానం ఎక్కనివ్వలేదు. అంతకుముందు పోయినవాళ్లను అక్కడి అధికారులు తిప్పి పంపుతున్నారని సాకు చెప్పింది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ భాగోతం. ఈసారి దొంగ యూనివర్సిటీ పెట్టింది సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే! మిషిగన్‌లో ఒక ఆఫీసు, ఒక వెబ్‌సైటు. పంతులు లేడు, క్లాసు లేదు, హాస్టలు లేదు. దాదాపు 600 మంది చేరారు. మొదటి దెబ్బకే 129 మంది భారతీయుల్ని అరెస్టు చేశారు. పిల్లల్ని చేర్పించిన 8 మంది దళారుల్లోనూ ఎక్కువమంది మన తెలుగు మూలాలవాళ్లే. ఫీజు కట్టించుకుని చదువు చెప్పలేదని విద్యార్థులు ఆ ప్రభుత్వం మీదే దావా వేశారు. ఆ దావా నడవొచ్చని 2024 జూన్‌లో అక్కడి అప్పీళ్ల కోర్టు చెప్పింది. తప్పు పిల్లలదే అని ఇక్కడ అరుగుల మీద తీర్పులిచ్చిన పెద్దలు ఈ సంగతి చదువుకోవాలి.

బాడుగే ఉరితాడు

'దొంగ యూనివర్సిటీకి పోతే అంతే, అసలుదానికి పోతే ఏ బాధా లేదు' అంటారు. మేం ఒప్పుకోం. అసలు యూనివర్సిటీకి పోయినవాడి కథా బాడుగ దగ్గరే తిరగబడుతుంది. ఎలాగంటారా?

విమానం దిగిన పిల్లవాడు ఇల్లు అడుగుతాడు. ఇంటివాడు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాడు, క్రెడిట్ హిస్టరీ అడుగుతాడు, జీతం కాగితం అడుగుతాడు. నిన్న రేణిగుంటలో రైలెక్కి చెన్నైలో విమానం పట్టుకున్నవాడి దగ్గర ఇవి ఎక్కడివి? ఊరివాడో, కాలేజీ సీనియరో ఉంటే ఆ హాల్లో ఒక పరుపు. నలుగురికి ఇచ్చిన ఇంట్లో ఎనిమిది మంది. అగ్రిమెంటులో వీడి పేరుండదు. పేరు లేనివాడిని రేపు పొమ్మంటే పోవాల్సిందే. పేరుంటే ఇంకో చిక్కు. కూడా ఉన్నవాడు మధ్యలో ఎత్తిపోతే వాడి వాటా బాడుగ కూడా వీడి మెడకే. ఫోటోలో ఇల్లు చూపించి, అడ్వాన్సు పంపించుకుని మాయమయ్యే దొంగలు సరేసరి. ఇల్లు మారితే 10 రోజుల్లోగా కాలేజీవాళ్లకు కొత్త అడ్రసు చెప్పాలి. అది వీసా నిబంధన. మూడు నెలల్లో నాలుగు హాళ్లు మారినవాడు ఒక్కసారి మరిచినా రికార్డులో తప్పు పడ్డట్టే.

మరి బాడుగ ఎలా కట్టాలి? ఎఫ్-1 వీసా మీద సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పని చేయాలి. క్యాంపస్‌లో పని అందరికీ దొరకదు. ఒకటో తేదీ మాత్రం అందరికీ వస్తుంది. దాంతో పెట్రోలు బంకులోనో, కిరాణా కొట్లోనో చేతికిచ్చే కూలికి రాత్రిపూట నిలబడతాడు. దొరికితే వీసా పోతుంది. దొరక్కపోయినా, అర్ధరాత్రి గల్లాపెట్టె దగ్గర తుపాకీ గుండుకు బలైన తెలుగు బిడ్డల శవపేటికలు మన ఊళ్లకు వచ్చాయా లేదా? బాడుగ కోసం పని, పని వల్ల వీసాకు గండం, కొన్నిసార్లు ప్రాణానికే గండం. ఈ ముడిని ఏ కన్సల్టెన్సీవాడైనా ముందుగా చెప్పాడా?

నాయన ఫోను చేస్తాడు. 'ఇల్లు దొరికిందా అబ్బోడా?' వీడంటాడు, 'దొరికింది నాయనా, బాగుంది.' ఆ 'బాగుంది' వెనక ఏముందో హాల్లో పడుకున్న ఎనిమిది మందికే తెలుసు.

ఇంటి కరువు వాళ్లది, నింద మనది

కెనడా సంగతి చూడండి. మనవాళ్ల దగ్గర స్థానికుల కన్నా ఎన్నో రెట్లు ఫీజు గుంజి కాలేజీలు నింపుకున్నారు. ఇళ్లు మాత్రం కట్టలేదు. 2023లో బాడుగలు ఆకాశానికంటితే అక్కడి గృహనిర్మాణ మంత్రే విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెడదామన్నాడు. 2024 జనవరిలో పరిమితి పెట్టారు. బతకడానికి ముందుగా చూపించాల్సిన డబ్బును 10,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635కు పెంచారు. ఆస్ట్రేలియా తక్కువ తినలేదు. 710 డాలర్లున్న వీసా రుసుమును 2024 జులైలో 1,600 చేసింది, ఏడాది తిరగ్గానే 2,000 చేసింది. అమెరికా 2025 మే చివర్లో కొత్త వీసా ఇంటర్వ్యూలే ఆపేసింది. మూడు వారాల తర్వాత తెరిచి, పిల్లల సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనపడేలా తెరిచి పెట్టమంది. గెలిచినోడి మాటే శాసనం అన్నట్టుంది వరస.

ఈ దెబ్బ ఎవరి మీద పడింది? 2023-24లో అమెరికాలో మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం. ఆ అంకె చూసి మన నాయకులు రొమ్ము విరుచుకున్నారు. అంతమంది పిల్లలకు ఒక్క పడక గదికైనా పూచీ పడ్డ నాయకుడున్నాడా?

మా మెట్ట పొలానికి విలువ లేదట!

పోవడానికి డబ్బెక్కడిది? అమెరికాకు సెవిస్ రుసుం 350 డాలర్లు, వీసా రుసుం 185 డాలర్లు. రెండూ కలిపితే 45 వేల రూపాయల పైమాటే. 2025లో చిత్తూరు జిల్లా తోతాపురి రైతుకు ప్రభుత్వం ఇప్పిస్తానన్న ధర కిలోకు 12 రూపాయలు, అందులో 4 రూపాయలు సర్కారు సాయం. అంటే పిల్లోడు ఇంటర్వ్యూ కిటికీ ముందు నిలబడడానికే దగ్గర దగ్గర నాలుగు టన్నుల మామిడి అమ్మాలి. వీసా వస్తుందో రాదో దేవుడికెరుక. రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

బ్యాంకుకు పోతే ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టమంటారు. వ్యవసాయ భూమి మాత్రం సాధారణంగా పనికిరాదంటారు. టౌనులో ఇల్లో, ప్లాటో ఉండాలి. పలమనేరు, పుంగనూరు పక్క పదెకరాల మెట్ట ఉన్న రైతు బ్యాంకు కళ్లకు బికారి! ఆ రైతే ప్రైవేటు ఫైనాన్సు కంపెనీకి ఎక్కువ వడ్డీ కట్టాలి, లేదా ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి చెయ్యి చాపాలి. విదేశీ చదువుల అప్పు మీద వెనుకబడిన వర్గాలకు, మైనారిటీలకు ఇచ్చే వడ్డీ రాయితీలను కేంద్రం 2022-23 నుంచి ఎత్తేసింది. ఎస్సీ పిల్లలకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పులు దేశం మొత్తానికి ఏడాదికి 115. రాష్ట్ర ప్రభుత్వమేమో 2022లో ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న యూనివర్సిటీలకే సాయమని గీత గీసింది. ఆ గీత అవతల నిలబడ్డవాళ్లే కదా కన్సల్టెన్సీ బోర్డు కింద క్యూ కట్టేది!

'ఎవరు పొమ్మన్నారు?'

ఈ మాట అనే పెద్దమనుషులకు మా జవాబు వినండి. సీమ పిల్లలు మద్రాసుకో, వాల్తేరుకో పోకుండా ఇంటి దగ్గరే చదువుకోవాలని 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని అధ్యాపక పోస్టుల్ని ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసింది ఎవరు? 2010లో ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన చేసిన మన్నవరం ప్రాజెక్టును అటకెక్కించింది ఎవరు? 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతే ఉద్యోగాలూ దాని వెనకే పోయాయి. 2014లో రాష్ట్రం రెండు ముక్కలైనప్పుడు అమెరికా కాన్సులేటు కూడా హైదరాబాదులోనే ఉండిపోయింది. మా పిల్లవాడు తిరుపతిలో హాస్టలు, బెంగళూరులో పీజీ, అమీర్‌పేటలో షేరింగ్ రూము, డల్లాస్‌లో హాలు. ఎక్కడికి పోయినా కిరాయి పరుపే. సొంత గడ్డ మీద నీడ ఇవ్వనోళ్లు 'ఎవరు పొమ్మన్నారు' అంటే, మీరే అని చెప్పక తప్పదు!

గల్ఫ్‌కు కూలీలను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరు కావాలి. అమెరికాకు విద్యార్థిని పంపేవాడికి ఆ చట్టం కింద అలాంటి లైసెన్సేమీ అక్కర్లేదు. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు ఉంటే చాలు. పంజాబ్ 2012లోనే చట్టం చేసి వీసా కన్సల్టెంట్లు, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లు లైసెన్సు తీసుకోవాలంది. పంజాబ్ చేసింది మన అసెంబ్లీ ఎందుకు చేయదు? ప్రవాసుల కోసం సొసైటీ పెట్టామంటారు. ఆపదలో అది చేసే సాయాన్ని మేం కాదనం. కానీ దాని ఆఫీసు తాడేపల్లిలో. కుప్పం నుంచి తాడేపల్లి ఎంత దూరమో మ్యాపు చూసుకోండి.

మా డిమాండ్లు ఇవి. కన్సల్టెన్సీలకు లైసెన్సు తప్పనిసరి చేయాలి. ఏ కాలేజీ నుంచి ఎంత కమిషన్ తీసుకుంటున్నాడో రాసి గోడకు అంటించాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సర్కారు ఖర్చుతో విదేశీ విద్యా కేంద్రం తెరవాలి. కాలేజీ అసలుదా నకిలీదా, ఆ ఊళ్లో బాడుగ ఎంత, అగ్రిమెంటులో ఏముంది అని పిల్లవాడు పైసా కట్టకుండా తెలుసుకోవాలి. మెట్ట భూమిని తాకట్టుకు ఒప్పుకునేలా ప్రభుత్వమే బ్యాంకులకు పూచీ ఇవ్వాలి. ఎత్తేసిన వడ్డీ రాయితీలు మళ్లీ ఇవ్వాలి.

ఉద్యోగ మిత్రులారా! పీఎఫ్ తీసి బిడ్డల్ని పంపుతున్నది మీరే. విద్యార్థి మిత్రులారా! రేపు ఆ హాల్లో పరుపు మీద పడుకోబోయేది మీరే. సంతకం పెట్టే ముందు కన్సల్టెన్సీవాడిని నాలుగు ప్రశ్నలు అడగండి. క్యాంపస్ ఎక్కడ? హాస్టలు ఉందా? లేకపోతే ఆ ఊళ్లో నెల బాడుగ ఎంత? నీకు ఆ కాలేజీ ఇచ్చే కమిషన్ ఎంత? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

వచ్చి ఊరుకోకండి. పదిమందీ కలిసి కలెక్టరేటుకు రండి. అడ్రసు లేని చదువులకు పిల్లల్ని అమ్ముకునే వ్యాపారం ఇక సాగనివ్వం!