వేలమంది వాడుతున్నా వికీలో పేజీ ఎందుకు నిలవదు?

అన్నవరంలో ఓ కుర్రాడు క్లాసిఫైడ్స్ సైట్ పెట్టాడనుకుందాం. కొండ కింద అద్దె గదులు, సెకండ్ హ్యాండ్ బైకులు, తుని నుంచి కత్తిపూడి దాకా స్థలాలు, పెళ్లిళ్లకి వంటవాళ్లు, షామియానాలు.. అన్నీ అందులోనే దొరుకుతాయి. రోజూ వేలమంది చూస్తున్నారు. ఓ రాత్రి మనోడు వికీపీడియాలో తన సైట్ పేరుతో పేజీ రాసేశాడు. తెల్లారేసరికి పేజీ పైన తొలగింపు మూస పెట్టేశారు. ‘ఓఎల్‌ఎక్స్‌కి ఉంది, క్వికర్‌కి ఉంది. మాకెందుకు ఉండకూడదు?’ అని మనోడి కోపం.

ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే అక్కడ చూసేది సైట్ మంచిదా, ఎంతమంది వాడుతున్నారు అని కాదు. తెలుగు వికీలో దీన్ని ‘విషయ ప్రాముఖ్యత’ అంటారు. సైట్‌తో ఏ సంబంధం లేనివాళ్లు, నమ్మదగ్గ చోట, దాని గురించి వివరంగా రాశారా? చూసేది అదొక్కటే. ఓనర్ ఇంటర్వ్యూ, ప్రెస్ నోట్, ‘ఫలానా సైట్ ప్రారంభం’ అనే రెండు లైన్ల వార్త లెక్కలోకి రావు. కంపెనీల విషయంలో ఇంగ్లిష్ వికీ ఇంకా గట్టిగా ఉంటుంది. పెట్టుబడి వచ్చిందన్న వార్తని కూడా పెద్దగా పట్టించుకోదు.

క్రెయిగ్స్‌లిస్ట్‌నే చూడండి. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ స్నేహితులకి పంపే ఈమెయిల్ లిస్టుగా మొదలుపెట్టాడు. తర్వాత అది అమెరికా పత్రికల క్లాసిఫైడ్స్ ఆదాయానికి గండికొట్టింది. 2000-2007 మధ్య ప్రకటనలు ఇచ్చేవాళ్లకి దానివల్ల సుమారు 500 కోట్ల డాలర్లు మిగిలాయని ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. దాని గురించి బయటివాళ్లు రాసింది బోలెడంత ఉంది కాబట్టి ఆ పేజీ నిలబడింది. సైట్ పెద్దదైనంత మాత్రాన కాదు.

‘మరి మా ఊరికి పేజీ ఉందిగా?’ అంటారా? ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న ఊళ్లకి వికీలో మామూలుగానే చోటిస్తారు. పైగా అన్నవరానికి రత్నగిరి, సత్యదేవుడి గుడి, పంపా నది.. రాయడానికి చరిత్ర ఉంది. ఊరి గొప్ప ఊళ్లో పెట్టిన సైట్‌కి రాదు.

ఇక్కడ నిజంగా అన్యాయం అనిపించేది ఇంకోటుంది. జిల్లా పేజీల్లో డబ్బులిచ్చి వేయించుకున్న వార్తకీ, విలేకరి తిరిగి రాసిన వార్తకీ తేడా కనిపెట్టడం కష్టం. 2009 ఎన్నికల్లో ‘పెయిడ్ న్యూస్’ గోల అంత పెద్దదయ్యాకే, ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె.శ్రీనివాస్ రెడ్డి 2010లో నివేదిక ఇచ్చారు. ఇప్పుడు మన పత్రికల్లో ఓ కంపెనీని పొగుడుతూ వార్త కనిపిస్తే ఇంగ్లిష్ వికీ ఎడిటర్లు ముందు అనుమానంగానే చూస్తారు. ఆ పాపం నిజాయతీగా నడిచే చిన్న సైట్‌కీ చుట్టుకుంటోంది.

ఈ వడపోత ఒక్కోసారి ఘోరంగా తప్పుతుంది కూడా. 2018లో ఫిజిక్స్ నోబెల్ వచ్చిన డోనా స్ట్రిక్‌లాండ్‌కి ఆ రోజు వరకూ ఇంగ్లిష్ వికీలో పేజీ లేదు. ఆధారాలు చాలవని అదే ఏడాది ఆమె పేజీ డ్రాఫ్ట్‌ని తిప్పికొట్టారు.

అయినా క్లాసిఫైడ్స్ సైట్ల దగ్గర నేను కఠినంగానే ఉండమంటాను. ఎందుకంటే ఇక్కడ జనం డబ్బులు పంపుతారు. గది అడ్వాన్సు, ఉద్యోగానికి ‘రిజిస్ట్రేషన్ ఫీజు’, బైకుకి టోకెన్. తిరుమల పేరుతో నకిలీ సైట్లున్నాయని టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించిందో తెలుసుగా. వికీలో పేజీ కనిపిస్తే చాలామంది దాన్ని సర్టిఫికెట్ అనుకుంటారు. ఓనరే రాసుకున్న పేజీని వదిలేస్తే, రేపు మోసగాడు రాసుకున్నదాన్నీ వదిలేయాలి.

కాబట్టి నా ఓటు: ఆ పేజీ ఇప్పటికి తీసేయడమే. తలుపు మాత్రం మూసేయక్కర్లేదు. రేపు ఎవరైనా విలేకరో, పరిశోధకుడో ఈ సైట్ వల్ల గోదావరి జిల్లాల్లో అద్దెలు, దళారుల కమీషన్లు ఎలా మారాయో వివరంగా రాస్తే పేజీ మళ్లీ రావచ్చు.

మీకూ ఇలాంటి సైటో యాపో ఉంటే మూడు మాటలు. ఒకటి, మీ పేజీ మీరే రాసుకోవద్దు. సంబంధం ఉందని బయటపెట్టి చర్చాపేజీలో అడగండి. రెండు, యాభైమంది ఫ్రెండ్స్‌తో కొత్త అకౌంట్లు తెరిపించి ‘ఉంచండి’ అని రాయించకండి. అక్కడ తలలు లెక్కపెట్టరు, వాదన చూస్తారు. మూడు, ‘ఇంత ఇస్తే పేజీ పెట్టిస్తాం, తీసేయకుండా చూస్తాం’ అని ఫోన్ వస్తే కట్ చేయండి. 2015లో ఇంగ్లిష్ వికీ ఇలాంటి ముఠాకి చెందిన 381 అకౌంట్లని బ్లాక్ చేసింది. వాళ్లు వల వేసింది ఎవరికనుకున్నారు? డ్రాఫ్ట్ తిరస్కరణకి గురైన చిన్న వ్యాపారులకే!

వికీ పేజీ కోసం పెట్టే ఆ రాత్రి శ్రమేదో, ప్రకటన ఇచ్చినవాడి ఫోన్ నంబర్ వెరిఫై చేసే ఫీచర్ మీద పెట్టండి. అడ్వాన్సు పంపేవాడికి కావాల్సింది అదే.