తాడు లాగితే స్నేహం కుదురుతుందా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా అక్క కూతురు కుంటుకుంటూ వచ్చి సోఫాలో కూలబడింది. మోకాలికి కట్టు.

"ఏమైందే?" అన్నాను కంగారుగా.

"ఏం లేదు పిన్నీ, నిన్న మా ఆఫీసువాళ్ళం స్నేహం పెంచుకున్నాం," అంది నీరసంగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. కాఫీ తాగాక కథంతా చెప్పింది.

మా పిల్ల హైదరాబాదులో ఒక సాఫ్టువేరు కంపెనీలో పనిచేస్తోంది. అక్కడ ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ళకీ, వాటిని అమ్మేవాళ్ళకీ ఉప్పూ నిప్పూ. "ఇరవయ్యో తారీఖుకల్లా ఇచ్చేస్తాం" అని అమ్మేవాళ్ళు ఎవరికో మాటిచ్చి వస్తారు. ఆ సంగతి తయారుచేసేవాళ్ళకి తెలిసేది పదిహేనో తారీఖున! ఇంక ఆ అయిదురోజులూ రాత్రి లేదు, పగలు లేదు. తప్పు మీదంటే మీదని మెయిళ్ళ మీద మెయిళ్ళు.

ఈ జబ్బుకి పైవాళ్ళు కనిపెట్టిన మందు టీమ్ బిల్డింగు. అంటే ఒక శనివారం అందర్నీ బస్సెక్కించి, మొయినాబాదు వైపు ఏదో రిసార్టుకి తీసుకెళ్ళి ఆటలాడించడం. కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలిట, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలిట. దాంతో ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదురుతుందిట. ఆ తరవాత తాడులాగుడు పోటీ. అమ్మేవాళ్ళు ఒకవైపు, తయారుచేసేవాళ్ళు ఇంకోవైపు! మా పిల్ల మోకాలు చెక్కుకుపోయింది అక్కడే.

"చంటాణ్ణి ఎవరి దగ్గర వదిలావు?"

"మా అత్తగారి దగ్గర. పొద్దున ఆరింటికి బస్సు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. శనివారం పార్కుకి తీసుకెళ్తానని వారమంతా వాడికి ఆశపెట్టాను పిన్నీ."

"రానని చెప్పకపోయావా?"

"ఇష్టమైతేనే రమ్మన్నారు. కానీ రానివాళ్ళ పేర్లు రాసుకున్నారు."

ఆ ఒక్క మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఇష్టమైతేనే అన్నవాళ్ళకి పేర్లతో పనేమిటండీ?

మా అత్తవారిది ఉమ్మడి కుటుంబం. నాకూ మా తోడికోడలికీ కొన్నాళ్ళు మాటల్లేవు. ఎందుకో తెలుసా? సామాను గది తాళం ఆవిడ దగ్గర, వంట వంతు నాది. పప్పు కావాలన్నా, బెల్లం కావాలన్నా ఆవిడ కోసం ఇల్లంతా వెతుక్కోవాలి. మమ్మల్నిద్దర్నీ కలిపి తిరుపతి పంపించినా ఆ గొడవ తీరేది కాదు, కొండ దిగి వచ్చాక తాళం మళ్ళీ ఆవిడ కొంగునే ఉండేది కదా! మా అత్తగారు తెలివైన మనిషి. వంట వంతు ఎవరిదైతే ఆ రోజు తాళం వాళ్ళదే అన్నారు. అంతే, వారం తిరక్కుండా మేమిద్దరం కలిసి సినిమాకెళ్ళాం.

బి.ఏ.లో చదివిన సైకాలజీ పాఠం కూడా ఒకటి జ్ఞాపకం వచ్చింది. 1954లో ముజఫర్ షరీఫ్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఓక్లహామాలో ఒక వేసవి శిబిరానికి 22 మంది మగపిల్లల్ని తీసుకెళ్ళి రెండు జట్లు చేశాడు. వాళ్ళకి బేస్‌బాల్, తాడులాగుడు పోటీలు పెట్టాడు. పిల్లలు బద్ధశత్రువులైపోయి, ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునేదాకా వచ్చారు. సరే, రాజీ చేద్దామని ఒకచోట కూర్చోబెట్టి సినిమా చూపించాడు, కలిపి భోజనాలు పెట్టాడు. ఏమైంది? అన్నం ముందే తిట్టుకుని, తినే పదార్థాలు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు! చివరికి శిబిరానికి నీళ్ళు ఆగిపోయేట్టు, భోజనం తెచ్చే లారీ కదలకుండా మొరాయించేట్టు చేశాడు. అప్పుడు రెండు జట్లూ కలిసి లారీకి తాడు కట్టి లాగాయి. పోటీలో ఎదురెదురుగా నిలబడి లాగిన తాడే అది! అలాంటి పనులు నాలుగు కలిసి చేశాక పగ కరిగింది. పిల్లల మీద అలాంటి ప్రయోగం చేయడం నాకు నచ్చలేదు సుమండీ. కానీ అందులో తేలిన నిజం మాత్రం మన ఆఫీసుల పెద్దలు వినవలసిందే. మనుషుల్ని కలిపింది విందూ కాదు, వినోదమూ కాదు, ఇద్దరికీ అవసరమైన పని.

ఇంకో సంగతి. ఆఫీసుల్లో ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల్ని అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగరీత్యా వెళ్ళిన చోటునీ, యజమాని ఏర్పాటుచేసిన బస్సునీ కూడా పనిచేసే చోటుగానే లెక్కవేసింది. అంటే ఆ రిసార్టు ఆఫీసు కిందే జమ. ఆఫీసే అయితే శనివారం ఎందుకు పెట్టారు? పెట్టినవాళ్ళు సోమవారం సెలవిచ్చారా? ఆ ఒక్కరోజు సంపాదించుకోవడానికి ఇంట్లో ఆడది ఎంతమందిని బతిమాలుకోవాలో, పక్కరోజుకి ఎంత చాకిరీ పోగుపడుతుందో ఆ లెక్క ఎవరు రాసుకున్నారు?

నేను సరదాలకి విరోధిని కాను. కార్తీకమాసంలో వనభోజనాలకి మనం వెళ్ళడం లేదూ? ఉసిరిచెట్టు కింద ఒకరు కూరలు తరుగుతారు, ఒకరు వడ్డిస్తారు, పిల్లలు పరుగెత్తుతారు. ఎవరికెంత నమ్మకం పెరిగిందని సాయంత్రం ఎవరూ కాగితాలు పంచరు. ఆఫీసువాళ్ళు కూడా పిక్నిక్ పెట్టదలిస్తే పనిరోజున పెట్టండి, పిల్లాజెల్లాని తీసుకురమ్మనండి, రానివాళ్ళని వదిలేయండి. అంతేగాని పుండొకచోట మందొకచోట వేసి, పైగా కుంటుతోందని రోగిని కోప్పడకండి.

"అయితే ఏం చెయ్యమంటావు పిన్నీ? ఇంకో రెండుసార్లు ఇలా అయితే ఉద్యోగం మానేస్తాను," అంది మా పిల్ల.

"మానెయ్యడం దేనికి? కొనేవాళ్ళకి తారీఖు చెప్పేముందు తయారుచేసే మనిషిని ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోమని అడుగు. బస్సు ఖర్చు కూడా ఉండదు," అన్నాను.

అడుగుతానంది. వాళ్ళు వింటారో లేదో చూడాలి. ప్రస్తుతానికి ఆ మోకాలితోనే చంటాణ్ణి పార్కుకి తీసుకెళ్ళింది. మాట తప్పితే వాడు ఊరుకోడు మరి! తారీఖు ఇచ్చేవాళ్ళకి ఆ బాధ ఉంటే ఎంత బావుండును.