ఇంట్లో వార్డు, ఒంటరి నర్సు

పక్షవాతంతో పడిపోయిన పెద్దాయన కాస్త కుదుటపడగానే ఆసుపత్రి ఇంటికి పంపేస్తుంది. ముక్కులో రైల్స్ ట్యూబ్, మూత్రానికి క్యాథెటర్, కొందరికి గొంతులో ట్రకియాస్టమీ గొట్టం కూడా ఉంటాయి. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇలాంటి ఇళ్లకు హోమ్ నర్సే దిక్కు. ఏజెన్సీకి కమీషన్ వదులుకోలేక, తెలిసిన డాక్టర్ల మాట మీద సొంతంగా ఇళ్లకు వెళ్తున్న నర్సులూ ఉన్నారు. వాళ్ల భుజాల మీద ఆసుపత్రి బరువంతా ఉంది, వెనక ఆసుపత్రి మాత్రం లేదు.

పుండ్లు పడకుండా రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ట్యూబ్‌లో ఆహారం పోసేటప్పుడు తలవైపు కనీసం 30 డిగ్రీల ఎత్తు ఉండాలి, లేకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ట్రకియాస్టమీ గొట్టంలో కఫం అడ్డుపడితే నిమిషాల్లో సక్షన్ చేయాలి. వార్డులో అయితే ఒక్క కేకకు డాక్టర్ వస్తాడు. ఇంజెక్షన్ వికటిస్తే చేతికందే దూరంలో అడ్రినలిన్, ఆక్సిజన్ ఉంటాయి. ఇంట్లో ఆ క్షణాన నర్సు ఒక్కతే. పైగా చాలామంది డాక్టర్లు మందుల మార్పును ఫోన్‌లోనే చెబుతారు. రేపు తేడా వస్తే ఆమె చూపించుకోవడానికి కాగితం ఉండదు.

ఇంటి వద్ద నర్సింగ్ కొత్తదేమీ కాదు. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్, మరణశయ్యపై ఉన్న తన భార్యకు సేవ చేసిన మేరీ రాబిన్సన్‌నే పేదల ఇళ్లకు పంపారు. నర్సులు చాలకపోతే ఫ్లోరెన్స్ నైటింగేల్ సలహాతో శిక్షణ పాఠశాల పెట్టించారు. ఇళ్లకు వెళ్లి చేసే 'జిల్లా నర్సింగ్' అలా నిలదొక్కుకుంది. కేరళ 2008లోనే ఉపశమన సేవల (పాలియేటివ్ కేర్) విధానం ప్రకటించి, నర్సులను ఇళ్లకు పంపే పని పంచాయతీలకు అప్పగించింది. తెలంగాణలో 'ఆలన' వాహనాలు చివరి దశ రోగుల గుమ్మానికి వెళ్తున్నాయి. ఈ మూడు చోట్లా నర్సు వెనక ఒక వ్యవస్థ నిలబడింది.

సొంతంగా పనిచేసే నర్సుకు అదే కరవు. ప్రైవేటు నర్సుల జీతాలపై 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ పడకల సంఖ్యను బట్టి వేతనాలు సూచించింది. చిన్న ఆసుపత్రిలోనూ నెలకు రూ.20,000కు తగ్గకూడదంది. ఇంట్లో ఉన్న ఒక్క పడక ఆ లెక్కలోకి రాలేదు. ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపుల్లో, నర్సు చేసినా సరే, ఇంట్లో స్నానం చేయించడం, కదిలించడం వంటి సేవలు ఉన్నాయి. ఖర్చంతా కుటుంబం మీద పడుతుంది. కుటుంబమేమో బేరమాడి, నర్సు చేత వంట కూడా చేయించాలని చూస్తుంది.

భద్రత విషయంలో చట్టం కొంత నయం. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగానే గుర్తించింది. ఆమె జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. రాత్రి డ్యూటీకి వెళ్లే ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారు?

కుటుంబాలకూ చిక్కులున్నాయి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివినామె, మూడేళ్ల జీఎన్‌ఎం, రెండేళ్ల ఏఎన్‌ఎం, ఏ చదువూ లేని కేర్‌టేకర్ అందరూ ఆ ఇంట్లో సిస్టర్లే. ఎవరికి ఏ పని అప్పగించవచ్చో తెలియదు. 2023 జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆన్‌లైన్ రిజిస్టర్ ఉండాలంది. అందులో ఇళ్ల వద్ద పనిచేసేవారిని విడిగా చూపితే, రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

డిశ్చార్జి రోజునే ఆసుపత్రి కూడా మూడు విషయాలు రాసివ్వాలి: నర్సు ఏం చేయాలి, ఏం చేయకూడదు, అర్ధరాత్రి ఏ డాక్టర్‌కు ఫోన్ చేయాలి. సక్షన్, ట్యూబ్ ఫీడింగ్ లాంటి నైపుణ్య సేవలకు బీమా డబ్బు చెల్లించేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన మార్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల నర్సింగ్ కౌన్సిళ్లు డ్యూటీ గంటలు, సెలవు, కనీస రుసుముతో ఒక నమూనా ఒప్పంద పత్రాన్ని తెలుగులో అచ్చువేసి ఇవ్వవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.